వంక చేను

మా కొండ మీద మిట్టమధ్యాహ్నం నిలబడి కిందికి చూస్తే చేలన్నీ నీళ్ళతో నిండినట్టు కనిపిస్తాయి. ఎండమావులు. గట్లు ఆ నీళ్ళలో తేలుతుంటాయి. దూరంగా బెళుగుప్ప వైపు గాలిమరలు తొందరేమీ లేనట్టు తిరుగుతుంటాయి. మరలు ఈమధ్య వచ్చాయి గానీ, ఆ నీళ్ళను మాత్రం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. లేవని తెలుసు. తెలిసీ చూసేదాన్ని. "కండ్లు తెరుచుకోని నిద్రపోతాది ఇది" అనేది మా అవ్వ. ఇప్పుడు యాభై దగ్గర పడ్డా ఆ జబ్బు పోలేదు.

కలలు కనేవాళ్ళు నెమ్మదస్తులని లోకం అనుకుంటుంది. నా సంగతి అట్లా కాదు. నా నోటికి ఊళ్ళో అందరూ జడుస్తారు. రేషను షాపు దగ్గర వరసలో మధ్యకు దూరినవాణ్ణి ఒకసారి నేను అన్న మాటలు ఇప్పటికీ వాడి ఇంట్లోవాళ్ళే చెప్పుకుని నవ్వుకుంటారు. అంత నోరున్నదాన్ని ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను. ఏడాది పాటు మూసుకున్నాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. మా ఊరివాళ్ళు చదివితే ఎవరు ఎవరో వాళ్ళకే తెలుస్తుంది, మిగతావాళ్ళకు తెలిసి చేసేదేముంది?

పెళ్ళయిన ఆరో ఏట మా ఆయన బెంగుళూరులో ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిసింది. పోట్లాడాల్సినంత పోట్లాడి, ఒక ట్రంకు పెట్టెతో పుట్టింటికి వచ్చేశాను. మా నాయన ఏమీ అడగలేదు. మరుసటి రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కొండ కాళ్ళ దగ్గరున్న మా చేనుకు తీసుకుపోయాడు. మూడెకరాల చేను. గట్టు మీద నిలబడి, "ఇది నీది పాపా. దున్నుకో. ఎవురి చెయ్యీ చూడాకు" అన్నాడు. తమ్ముడికి ఊరవతల వేరే చేలున్నాయి కాబట్టి వాడూ ఏమనలేదు. ఆ మూడెకరాలు ఉండబట్టే నేను ఊళ్ళో తలెత్తుకుని తిరిగాను. పుట్టింట్లో పడి తింటోందని అనేవాళ్ళు లేకపోలేదు, కానీ ఒకసారి అన్నవాళ్ళు రెండోసారి అనలేదు.

దాని పేరు వంక చేను. మా సీమలో వంక అంటే చిన్న ఏరు. వాన పడితే నీళ్ళు, పడకపోతే ఇసుక. చేను పక్కనే, గట్టు అవతల కాలవ ఒకటి ఉంది, దాన్ని అందరూ వంక అనేవారు. వంక పక్కది కాబట్టి వంక చేను. చిన్నతనంలో నేను మాత్రం వేరేగా అనుకునేదాన్ని. ఆ చేను పేరెత్తినప్పుడల్లా మా అవ్వ ముఖం ముడుచుకునేది. ఆమె దానికి ఏదో వంక పెడుతోందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ నా ఊహ. ఆ మాట చెబితే మా అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

నిజానికి వంక పెట్టడానికి ఏమీ లేని చేను అది. వేరుశనగను మేము బుడ్డలంటాం. వాన ముఖం చాటేసిన ఏడాది చుట్టూ అందరి బుడ్డల చెట్లూ ఎండి గలగలమంటుంటే, నా చేను నడిమధ్యన ఒక పట్టీ పచ్చగా ఉండేది. అది తిన్నగా ఉండేది కాదు, మెలికలు తిరిగి ఉండేది. మధ్యాహ్నం సంగటి తిని ఆ పచ్చదనం పక్కన కొంగు పరుచుకుని పడుకుంటే, చెవి కింద ఎవరో నడుస్తున్నట్టు ఉండేది. కళ్ళు మూసుకుంటే ఆ నడక దగ్గరికి వచ్చేది, తెరిస్తే దూరం పోయేది. నేల కింద నీళ్ళ చప్పుడు వినపడుతోందని ఒకసారి మా నాయనతో అన్నాను. ఆయన బీడీ నలిపి పారేసి, ఎండదెబ్బ తగిలినట్టుంది, ఇంటికి పోయి మజ్జిగ తాగమన్నాడు.

చేనుకు దిగువన ఒక కుంట ఉంది. ఉంది అనకూడదు. కట్ట ఉంది, కట్ట లోపల కంపచెట్లు ఉన్నాయి. నేను పుట్టాక అది నిండగా చూడలేదు. కుంట నిండితే దాని కింద బోర్లకు నీళ్ళు దిగుతాయి. నిండదు కాబట్టి ఏటా ఒకటో రెండో బోర్లు గాలి కక్కి ఆగిపోతున్నాయి. ఆ కుంట కింద రెండెకరాలు, ఒక బోరు, ఒక మేకల మంద ఉన్నామె నా జత. ఆమెను ఇక్కడ మేకలామె అంటాను. నాకంటే పదేళ్ళు చిన్నది. పంట తీశాక ఆమె మేకలు నా చేలో మేసేవి. మేత వాటికి, ఎరువు నాకు, కబుర్లు ఇద్దరికీ. కబుర్లంటే నావే. నేను పది మాట్లాడితే ఆమె ఒకటి మాట్లాడేది, అది కూడా మేకతో.

అట్లాంటి మనిషి ఒకరోజు తనంతట తానే నోరు విప్పింది. "బోరు దగ్గుతాండాదక్కా. ఇంగ రెండేండ్లు చూస్తా. కుంటకు నీళ్ళు రాకుంటే మేకలమ్ముకోని బెంగుళూరికి పోవల్ల" అంది.

బెంగుళూరు పేరు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఊరు ఒక మనిషిని తీసుకుంది చాలదా? నేనుండగా నువ్వు ఎక్కడికీ పోవు అని గట్టిగా చెప్పేశాను. ఏ ధైర్యంతో చెప్పానో నాకే తెలియదు. ఆమె నమ్మింది. నా మాట ఎవరైనా నమ్మితే నాకు భయం వేస్తుంది, ఆ రోజు కూడా వేసింది.

ఆ చలికాలమే ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి సారు ఒకాయన మా ఊరికి వచ్చాడు. కోస్తా మనిషి, బట్టతల, రిటైరు కావడానికి దగ్గరున్నవాడు. గొడుగు లేకుండా అడుగు వేసేవాడు కాదు. వంక అంటే వాళ్ళ వైపు లోపం అనే అర్థమే వాడుకట. నా చేను పేరు విని, చేను బాగానే ఉందిగా తల్లీ, దీనికేం వంక పెట్టారు అని నవ్వాడు. బడి వరండాలో మీటింగు పెట్టి, కొండ మీద పడ్డ వాన కొండ దిగి ఉరికి పోతోంది, దాన్ని నడిచేట్టు చేద్దాం అన్నాడు. వానే లేనిచోట ఏం నడిపిస్తావు సామీ అని వెనకనుంచి ఎవరో అన్నారు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. నీళ్ళు నడవడం నేను విన్నదాన్ని కదా.

సారు మా చేతికి ఒక చట్రం ఇచ్చాడు. పైన కలిసి కింద ఎడంగా నిలిచే రెండు కట్టెలు, వాటి మధ్య ఒక అడ్డకట్టె. పైనుంచి ఒక దారం, దారం చివర ఒక రాయి. రెండు కాళ్ళూ సమానమైన ఎత్తులో ఉంటే దారం అడ్డకట్టె మీద గీసిన గీత దగ్గర నిలుస్తుంది. ఒక కాలు పల్లంలో ఉంటే దారం ఆ పక్కకు జరుగుతుంది. దానికి ఆయన ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు, మేము మట్టం చట్రం అనుకున్నాం. ఒక కాలు నేను పట్టుకుంటే, రెండో కాలు మేకలామె పట్టుకునేది.

రెండు ఎండాకాలాలు ఆ చట్రంతో కొండంతా తిరిగాం. నేను నా కాలు ఆనించేదాన్ని. ఆమె తన కాలును తిప్పి తిప్పి, దారం గీత మీదికి వచ్చేదాకా చోటు వెతికేది. గాలికి రాయి ఊగేది. అది నిలిచేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం. నిలిచాక అక్కడ ఒక రాయి పెట్టి ముందుకు పోయేవాళ్ళం. కంటికి ఎత్తనిపించేది మట్టానికి సమానంగా తేలేది, సమానమనిపించేది పల్లంగా తేలేది. కొన్నాళ్ళకు కళ్ళను నమ్మడం మానేశాం. మేము పెట్టిన రాళ్ళ వరస కొండ నడుం చుట్టూ మెలికలు తిరుగుతూ పోతుంటే, ఆ వరస వెంట ఊరివాళ్ళు ఉపాధి పని కింద కందకాలు తవ్వారు. రాత్రి పడుకుంటే నేను నీళ్ళనై వాలు వెంట జారుతున్నట్టు కలలు వచ్చేవి. ఎక్కడా తగలకుండా, చప్పుడు లేకుండా, ఎవరి ఇంటికీ చెందకుండా. అంత హాయిగా నేను ఎప్పుడూ నిద్రపోలేదు.

మొదటి ఎండాకాలం అయ్యాక ఒక పెద్ద వాన పడింది. తెల్లవారి కొండెక్కి చూస్తే ప్రతి కందకంలోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. మేకలు వరసగా వంగి తాగుతున్నాయి. కొండంతా తడి మట్టి వాసన. మేకలామె కూర్చుని ఒక కందకంలో మోచేతిదాకా చెయ్యి ముంచి, అట్లాగే ఉంచుకుని నా వైపు చూసింది. ఎండమావి కాదు కదా అని అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. కాదు అన్నాను. ఆ ఒక్క పొద్దు కోసం ఆ రెండేళ్ళ ఎండ ఇంకోసారి మొయ్యమన్నా మోస్తాను.

రెండో ఎండాకాలం చివర ఒక్క పని మిగిలింది. కొండ నీళ్ళన్నీ దిగి వచ్చి కలిసే మూల నా చేను పైతట్టున ఉంది. అక్కడినుంచి నీళ్ళు ఆ కాలవలో పడి, నా చేను పక్కగా పోయి, రోడ్డు కింద తూము దాటి ఎక్కడో ఇసుకలో కలిసిపోతాయి. కుంట ముఖం చూడవు. వాటిని కుంట వైపు తిప్పాలి. పల్లం ఎటు ఉందో చట్రం పెట్టి చూడమని సారు చెప్పాడు. తాను కాస్త దూరంగా వేపచెట్టు కింద గొడుగు వేసుకుని పుస్తకంలో రాసుకుంటున్నాడు.

కాలవకూ నా చేనుకూ నడుమ మనిషెత్తు గట్టు ఉంది. ఆ గట్టులో ట్రాక్టరు పోయేంత సందు ఒకటి ఉంది. ఎరువు తోలుకోవడానికి ఎండాకాలం ఆ సందు తెరిచి ఉంచేవాళ్ళం. తొలకరికి ముందు మా నాయన రాళ్ళూ మట్టీ వేసి దాన్ని మూసేవాడు. ఏటా ఆయనే మూసేవాడు, ఇంకొకరి చేతికి పార ఇచ్చేవాడు కాదు. ఆ సందు దగ్గర మేకలామె తన కాలును కాలవ అడుగున పెట్టింది. నేను నా కాలును చేను లోపల ఆనించాను. దారం నా వైపు జరిగింది. వేలెడు కాదు, బెత్తెడు జరిగింది.

కాలవ కంటే నా చేనే పల్లం. నడిమధ్యన మెలికలు తిరిగిన పచ్చ పట్టీ, చెవి కింద నడక, అవ్వ ముడుచుకున్న ముఖం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇది వంక పక్కన ఉన్న చేను కాదు. ఇదే వంక. పక్కనున్నది ఎవరో తవ్విన కాలవ. ఊరు ఊరంతా రోజూ వంక చేను, వంక చేను అంటూనే ఉన్నాం. ఆ మాట ఏం చెబుతోందో ఒక్క చెవికీ ఎక్కలేదు.

పల్లం ఏ పక్కమ్మా అని సారు చెట్టు కిందనుంచి కేకేశాడు.

నేను నా చేతిలోని కాలును నేల మీదినుంచి పైకి లేపి పట్టుకున్నాను. చీర కుచ్చిళ్ళు అడ్డంగా ఉన్నాయి, ఆయనకు కనపడదు. దారం కదిలి కాలవ వైపు పోయింది. కాలవ పక్కే సారూ అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే ఖంగుమని పలికింది. మేకలామె దారం వైపు చూస్తూ ఉంది. ఏమీ అనలేదు. ఆమె ఎప్పుడు ఏమంటుంది గనక?

ఎందుకు చేశావంటే చెబుతాను. భయం వేసింది. చేనే వంక అని తేలితే నడిమధ్యన తవ్వేస్తారు. చేను పోతే నేను మళ్ళీ ట్రంకు పెట్టెతో వచ్చిన మనిషినే. తమ్ముడి పెళ్ళాం వడ్డిస్తే తినే మనిషిని. అది నాకు చావుతో సమానం. అంత పెద్ద వంకను, కుంట కింది ముప్పై ఇళ్ళ నీళ్ళను బెత్తెడు ఎత్తులో చేత్తో పట్టుకుని ఆపాను.

సారు రాసుకున్న ప్రకారం ఊరివాళ్ళంతా కలిసి కాలవకు అడ్డంగా రాతికట్ట కట్టారు, అక్కడినుంచి కుంటకు దోవ తీశారు. పని ముగిశాక మా నాయన సందు మూశాడు. పని జరిగినన్నాళ్ళూ ఆయన ఒక్కసారి కూడా అటు వచ్చి చూడలేదు. నేను దాన్ని వయసు అనుకున్నాను.

వాన పడింది. మంచి వానే. నీళ్ళు రాతికట్ట దాకా వచ్చి, కుంట దోవకు ఎక్కలేక, పక్కనున్న మట్టిని కోసుకుని, రాళ్ళను దొర్లించుకుంటూ ఎప్పటిలాగే రోడ్డు కిందికి పోయాయి. కుంటలో మేక గిట్టలు తడిసేంత బురద మిగిలింది. వరండాలో మీటింగులో ఊరంతా సారును పట్టుకుని దులిపేసింది. రెండేళ్ళ కష్టం నీళ్ళపాలు కాకపోగా ఇసుకపాలు చేశావన్నారు. ఆయన గొడుగు మడుచుకుని నిలబడి, కొలత నేనే తప్పు రాసుకుని ఉంటాను, క్షమించండి అన్నాడు. పాపం, నా పాపం ఆయన మోశాడు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని ముసలాయన ఒకడు ఏదో మాటవరసకు అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

చలికాలం గడిచేసరికి మేకలామె బోరు దగ్గడం కూడా మానేసింది. ఆమె మందను సంతకు తోలింది. ఎండలు ముదరకముందే ఒక పొద్దున ఆమె, మొగుడూ మూటలు కట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. పిల్లలను వాళ్ళమ్మ దగ్గర వదిలారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఏం మాట్లాడానో గుర్తు లేదు. మంచినీళ్ళు పెట్టుకున్నారా, అక్కడ చలి ఎక్కువ, దుప్పటి ఉందా, ఇట్లాంటివే. బస్సు వచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. "చేను బాగ చూసుకో అక్కా" అని ఎక్కేసింది.

ఆ తర్వాత నాకు కలలు ఆగిపోయాయి. చేలో పడుకుంటే చెవి కింద ఏమీ వినపడేది కాదు. దుక్కి దున్నుతుంటే ప్రతి చాలూ నా మీద నేను గీసుకుంటున్నట్టు ఉండేది. మేకలు లేక చేనంతా చప్పబడిపోయింది. కొండ మీద కందకాల పక్కన మేము చల్లిన సీతాఫలం విత్తనాలు మోకాలెత్తు మొలిచాయి. వాటిని చూడాలంటే కూడా సిగ్గేసేది.

తొలకరికి ముందు మా నాయన ఎప్పటిలాగే పార భుజాన వేసుకుని సందు మూయడానికి బయలుదేరాడు. నేను వెనకే పోయాను. ఆయన మొదటి పార మట్టి ఎత్తగానే, మూయొద్దు నాయనా అన్నాను. ఆయన పార దించి నా ముఖంలోకి చూశాడు. "తెలిసెనా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆయనకు పదేళ్ళప్పుడు మా తాత ఆ వంకను పూడ్చి చేను చేశాడు. వరసగా కరువులు వచ్చి, పారే నీళ్ళే లేనప్పుడు వంక ఎందుకని, ఇసుక మీద తట్టలతో మట్టి మోసి, గట్టు పెట్టి, పక్కన కాలవ తవ్వాడు. మా నాయన కూడా చిన్న తట్టతో మోశాడు. దానికి కొత్త చేను అని పేరు పెట్టాడట తాత. మా అవ్వ ఒప్పుకోలేదు. పారే తల్లి నోట్లో మన్ను కొట్టినారు, పేరన్నా ఉండనీండి అని, చచ్చేదాకా వంక అనే పిలిచింది. తాత కోప్పడేకొద్దీ ఆమె గట్టిగా అనేదట. చివరికి ఆమె పెట్టిన పేరే నిలిచింది, ఎందుకు పెట్టిందో మాత్రం అందరూ మర్చిపోయారు.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నేను అరిచాను. రాతికట్ట కడుతుంటే ఎందుకు చెప్పలేదు? ఆ సారును అందరూ తిడుతుంటే ఎందుకు చెప్పలేదు?

"చెప్తే నీకేముంటాది పాపా?" అన్నాడు.

నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆయన మీద కోపం, నా మీద కోపం, ఆ మాట మీద ప్రేమ, అన్నీ కలిపి ఏడ్చాను. చట్రం కాలు లేపిన సంగతి కూడా ఆయనకు చెప్పేశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, మా ఇద్దరి కాళ్ళ మీదా పడింది. ఆయన నా పక్కన కూర్చుని, బీడీ వెలిగించుకోవడం మర్చిపోయి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

మీటింగు పెట్టమని నేనే అడిగాను. నా చేనే అసలు వంక, నడిమధ్యన తవ్వండి అన్నాను. చట్రం సరిగా పట్టుకోలేదు, తప్పు నాది, సారుది కాదు అన్నాను. అంతకు మించి చెప్పడానికి నోరు రాలేదు. సారు లేచి వచ్చి, మీ చేను పోతుంది కదా తల్లీ అని మెల్లగా అన్నాడు. పోతే పోయింది, గొడుగు తీసుకుని రేపు పొద్దున్నే రండి అన్నాను.

తాడు లాగి, తిన్నగా గీత గీసి, పదిరోజులు తవ్వారు. గట్టు పగలగొట్టారు. మా నాయన ఒక్క మాట అన్నాడు, చేను సగం దాటాక వంక ఎడమకు తిరుగుతుంది అని. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు. రెండు పక్కలా మిగిలిన ముక్కల్లో బుడ్డలు వేశాను.

బుడ్డలు పూతకు వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం మబ్బు దిగింది. దిగింది అనే అంటాను, ఎందుకంటే కొండ కనపడలేదు. వాన వెలిశాక ఊరంతా వచ్చి చేను దగ్గర నిలబడింది. ముందు ఏమీ లేదు. పక్షులు కూడా అరవలేదు. తరవాత పైనుంచి ఒక నడక వినిపించింది. నాకు తెలిసిన నడకే. ఎర్రటి నీళ్ళు, ఎండుటాకులు ముందు తోసుకుంటూ, తొందర లేకుండా సందులోనుంచి లోపలికి వచ్చాయి. నా కాళ్ళ ముందునుంచి పోయాయి. నేను మేలుకుని ఉన్నానో లేదో అనుమానం వచ్చి, పక్కనామె చెయ్యి పట్టుకున్నాను. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా గాజులూ తెచ్చారు, ఒడిబియ్యం తెచ్చారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు పోసినట్టు నీళ్ళలో పోశారు.

నీళ్ళు చేను సగం దాకా మేము తవ్విన దోవలోనే పోయాయి. అక్కడ ఒక్క క్షణం నిలిచాయి. నిలిచి, దోవ అంచున పోసిన మట్టిని తోసుకుని ఎడమకు తిరిగాయి. నా బుడ్డలు పూతతో సహా ఒక మూల కొట్టుకుపోయాయి. సారు అయ్యయ్యో అని పరిగెత్తాడు, ఇద్దరు ముగ్గురు పారలు తీసుకున్నారు. మా నాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఇడ్సిపెట్టండప్పా. పుట్టింటికొచ్చే ఆడబిడ్డకు దోవ చూపిచ్చల్లనా?"

ఆ మాట ఆయన నీళ్ళను చూస్తూనే అన్నాడు. నేను వచ్చిన రోజు అడగని మాటలన్నీ అందులో ఉన్నట్టు అనిపించింది. పోయిన పంట మీద నాకు ఏ బాధా కలగలేదు. అబద్ధం ఎందుకు, ఆ మరుసటి రోజు కలిగింది.

రెండు వానలకు కుంట సగం నిండింది. కంపచెట్లు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాయి. ఎక్కడినుంచి వచ్చాయో నల్లటి పిట్టలు రెండు వచ్చి మునుగుతూ తేలుతూ ఉన్నాయి. నేను కట్ట మీద కూర్చుని మేకలామెకు ఫోను చేశాను. అటువైపు కాంక్రీటు మిషను తిరుగుతున్న చప్పుడు. కుంటకు నీళ్ళు వచ్చాయని చెప్పాను. ఆమె పలకలేదు. వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాను. వినిపించింది అంది. నీ బోరులో కూడా వస్తాయి, కొంచెం ఓపిక పట్టి వచ్చేయండి, నా చేలో మిగిలిన ముక్కల్లో మేత ఉంది అన్నాను. ఇట్లా చాలాసేపు అవీ ఇవీ మాట్లాడాను. చెప్పాల్సిన మాట మాత్రం దాటేస్తూ వచ్చాను.

చివరికి కళ్ళు మూసుకుని చెప్పాను. ఆ పొద్దు సందు దగ్గర చట్రం కాలు నేలకు ఆనించలేదు, పైకి లేపి పట్టుకున్నాను, దారం నా వైపే పోయింది, అది నేను చూశాను, చూసి కూడా అబద్ధం చెప్పాను. నీ మేకలు పోయింది నా వల్ల. నువ్వు ఆ ఊరు పోయింది నా వల్ల. నన్ను తిట్టు అన్నాను.

మిషను చప్పుడు కొంచెంసేపు అట్లాగే వినపడింది.

"తెలుసక్కా" అంది. "రెండో కాలు నా చేతిలోనే ఉండె గదా."

అటువైపు ఎవరో ఆమెను తట్ట పట్టుకుని రమ్మని పిలుస్తున్నారు. వస్తాండా అని వాళ్ళకు కేకేసి, ఆమె ఫోను పెట్టేసింది.